పెద్ద రాయి, చిన్న రాయి



బళ్ళారి, రాయచూరు వైపు పిల్లలకు కన్నడం, తెలుగు రెండూ చెప్పే మాబోటి పంతుళ్ళకు ఒక సదుపాయం ఉంది. కొన్ని మాటలకు అర్థం చెప్పనక్కరలేదు. తెలుగులో తూకం, కన్నడంలో తూక. తెలుగులో నమ్మకం, కన్నడంలో నంబికె. తెలుగులో మోసం, కన్నడంలో మోస. సంతలో ఎవరు ఏ భాషలో బేరమాడినా ఈ మూడు మాటల దగ్గర మాత్రం తడుముకోరు. వీటి గురించి మతగ్రంథాలు ఏమన్నాయో ఈ పూట చెప్పుకుందాం.

మోసం చేయకూడదని అన్ని మతాలూ చెప్పాయి అనేస్తే ఈ ప్రసంగం ఒక్క నిమిషంలో ముగుస్తుంది. అది అందరికీ తెలిసిందే. అంతగా గమనించని సంగతి మరొకటి ఉంది. ఈ గ్రంథాలు మోసాన్ని మనిషి మనసులోనే వెతికి ఊరుకోలేదు, కాటా మీద కూడా వెతికాయి. తూనికరాయిని, కొలపాత్రను, ధాన్యపు రాశిని చేత్తో పట్టుకుని చూశాయి. ఆ తర్వాత, మోసపోయిన సొమ్ము తిరిగి ఎవరికి చేరాలి అన్న ప్రశ్న కూడా వేశాయి. ఆ రెండో ప్రశ్న దగ్గరే మనలో చాలామందికి ఇబ్బంది మొదలవుతుంది.

ముందు రాయి సంగతి. బైబిలు పాత నిబంధనలో ద్వితీయోపదేశకాండం అని ఒక భాగం ఉంది. దాని 25వ అధ్యాయంలో, సంచిలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఇలా రెండు రకాల తూనికరాళ్ళు ఉంచుకోవద్దని ఆజ్ఞ. ఇంట్లో రెండు రకాల కొలపాత్రలు కూడా ఉండకూడదు. వాటితో తూచవద్దు అనలేదు చూడండి, అసలు దగ్గర పెట్టుకోవద్దన్నారు. రెండో రాయి సంచిలో ఉందంటే అది ఊరికే ఉండదని ఆ రోజుల్లోనే ఎరుగుదురన్నమాట. కొనేటప్పుడు బరువైన రాయి, అమ్మేటప్పుడు తేలికైన రాయి. రైతు బస్తాకు నాలుగు గుప్పిళ్ళు ఎక్కువ పోస్తాడు, కొనుక్కునే ఇల్లాలు నాలుగు గుప్పిళ్ళు తక్కువ పట్టుకెళుతుంది. ఇద్దరికీ లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది.

ఖురానులో 83వ అధ్యాయానికి పేరే ఈ మోసం మీద పెట్టారు. అల్ ముతఫ్ఫిఫీన్, అంటే కొలతల్లో తగ్గించేవాళ్ళు. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి అందులో హెచ్చరిక ఉంది. ఇదీ రెండు రాళ్ళ కథే. మద్యన్ అనే ఊరి ప్రజల దగ్గరకు షుఐబ్ అనే ప్రవక్త వచ్చి, ఒక్క దేవుణ్ణే కొలవండి, కొలతలు సరిగా వేయండి అని ఒకే ఊపిరిలో చెప్పినట్టు ఖురాను చెబుతుంది. భక్తికీ తక్కెడకూ మధ్య గోడ కట్టలేదు.

జైనుల తత్త్వార్థసూత్రంలో అస్తేయ వ్రతానికి, అంటే దొంగతనం చేయననే వ్రతానికి, ఐదు అతిచారాలు లెక్కపెట్టారు. దొంగను పురమాయించటం, దొంగసొత్తు కొనటం, రాజ్యం పెట్టిన కట్టుబాటు దాటి వ్యాపారం చేయటం, హెచ్చుతగ్గుల తూనికలు వాడటం, అసలు సరుకు పేరుతో నకిలీ అంటగట్టటం. మూడోది విన్నప్పుడు సరిహద్దు జిల్లాల వాళ్ళం కాస్త సర్దుకుని కూర్చోవలసిందే! ఐదోదాన్ని ప్రతిరూపక వ్యవహారం అన్నారు. పత్తి విత్తనాల పొట్లం మీద మంచి కంపెనీ పేరు అచ్చువేసి లోపల ఏదో గింజ పోసి అమ్మటానికి ఇంతకంటే తగిన పేరు నాకు కనిపించలేదు. తూకంలో మోసపోతే రైతుకు ఆ పూట నష్టం. విత్తనంలో మోసపోతే ఒక పంట, ఆ ఏటి అప్పు, వాన పడిన అదును, అన్నీ పోతాయి. అదును మళ్ళీ రాదు.

మనుస్మృతిలోని మాటలన్నీ ఈనాడు ఒప్పుకోలేం, ఒప్పుకోకూడదు కూడా. అయినా ఎనిమిదో అధ్యాయంలో సంత గురించి చెప్పిన చోట మాత్రం అనుభవం కనిపిస్తుంది. ఒక సరుకులో మరొకటి కలిపి అమ్మరాదు, చెడినది అమ్మరాదు, తగ్గించి అమ్మరాదు, దూరాన ఉంచి గానీ కప్పిపెట్టి గానీ అమ్మరాదు. తూనికలను, కొలతలను రాజు ఆరు నెలలకోసారి తిరిగి పరీక్షించాలి. మన దేశంలో ఇప్పుడున్నది 2009 నాటి తూనికలు కొలతల చట్టం. దాని నిబంధనల ప్రకారం తూనికరాళ్ళకు రెండేళ్ళకోసారి, ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి ముద్ర వేయించాలి. మనువు గడువే తక్కువ.

మన పెద్దవాళ్ళకు ఊరికో శేరు, అంగడికో మానిక ఉన్న కాలం గుర్తుండే ఉంటుంది. 1956లో చట్టం వచ్చి, 1958 నుంచి దశలవారీగా కిలోలు, లీటర్లు అమలయ్యాక ఆ గందరగోళం తగ్గింది. ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక రెండు రాళ్ళూ అవసరం లేకపోయాయి. లోపలి అమరిక మారిస్తే ఒకే కాటా రెండు రకాలుగా మాట్లాడుతుంది. లారీలను తూచే కాటాకు మనవాళ్ళు ధర్మకాటా అని పేరు పెట్టుకున్నారు. పేరు పెట్టినవాడికి ధర్మరాజు మీద గురి ఉందో, మామూలు కాటా మీద అనుమానం ఉందో!

ఇక రాశి సంగతి. ముహమ్మదు ప్రవక్త ఒకనాడు బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి లోపలికి చెయ్యి దూర్చారని హదీసుల్లో ఉంది. పైన పొడిగా ఉంది, లోపల వేళ్ళకు తడి తగిలింది. ఏమిటిదని అడిగితే, వానకు తడిసిందన్నాడు ఆ వ్యాపారి. తడిసినదాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగి, మోసం చేసేవాడు మనవాడు కాడని చెప్పారాయన. తడిసిన ధాన్యం అమ్మవద్దని అనలేదు, తడి కనిపించేలా అమ్మమన్నారు. వాన ఎవరి తప్పూ కాదు. దాన్ని అడుగున దాచటం తప్పు.

ఈ మాట వ్యాపారికే కాదు, రైతుకూ వర్తిస్తుంది. మచ్చు తీసేవాడి చెయ్యి ఎంతవరకు పోతుందో చూసుకుని అంతవరకు మంచి మిరపకాయ, దాని కింద తాలుకాయ సర్దిన గోతం కూడా మండీకి వస్తుంది. అలా ఒక్కడు చేస్తే, మర్నాడు ఊరందరి గోతాల మీదా తరుగు పడుతుంది. దళారి దగా చేస్తాడని రైతు, నిమ్ము దాచాడని దళారి, ఇద్దరూ ముందే సగం కోపంతో మండీకి వస్తారు.

మహాభారతం శాంతిపర్వంలో జాజలి అనే తపస్వి ఉన్నాడు. కదలకుండా నిలిచి తపస్సు చేస్తుంటే జడల్లో పిట్టలు గూడు కట్టి పిల్లల్ని పెట్టాయి. పిల్లలు ఎగిరిపోయేదాకా ఓపిగ్గా నిలిచి, ధర్మమంటే నాదేనని పొంగిపోయాడు. ధర్మంలో కాశీలోని తులాధారుడికి నువ్వు సాటిరావని ఆకాశవాణి పలికింది. వెళ్ళి చూస్తే ఆ తులాధారుడు అంగట్లో కూర్చుని దినుసులు అమ్ముతున్నాడు. పేరులోనే త్రాసు ఉంది. ఒకరి దగ్గర కొంటాను, మరొకరికి అమ్ముతాను, నడుమ కపటం ఉండదు, నా త్రాసు అందరికీ ఒకటే అన్నది అతను చెప్పుకున్న ధర్మం. మునికి పాఠం చెప్పటానికి వ్యాసుడు అంగడివాణ్ణి నిలబెట్టాడు.

మన రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకా అమరేశ్వరం నుంచి పన్నెండో శతాబ్దంలో కల్యాణానికి వెళ్ళిన దంపతులు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ. నేల మీద రాలిన బియ్యపు గింజలు ఏరటం ఆయన కాయకం. ఒకనాడు రోజూకంటే ఎక్కువ బియ్యం తెచ్చాడు. లక్కమ్మ సంతోషించలేదు. ఇంత ఆశ మనకెందుకు, ఎక్కువైనది తెచ్చినచోటే పోసి రమ్మంది. ఆ బియ్యం దొంగిలించినవి కావు, ఎవరూ అడగలేదు కూడా. అయినా వాటిని గుడికో మఠానికో ఇమ్మనలేదు, తెచ్చినచోటికే తిప్పి పంపింది.

ఇక్కడికి మన రెండో ప్రశ్న వచ్చింది. మోసం చేసి కూడబెట్టిన సొమ్ములో కొంత హుండీలో వేసి, జాతరలో అన్నదానం చేసి, మసీదుకో చర్చికో సున్నం వేయించి తేలికపడేవాళ్ళు అన్ని మతాల్లోనూ ఉన్నారు. గోవును చంపి చెప్పులు దానం చేయటమని మన సామెత. గ్రంథాలు ఈ లెక్కను ఒప్పుకోలేదు. లూకా సువార్తలో సుంకాలు వసూలు చేసే జక్కయ్య, ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు. అక్కడ ఆగలేదు. ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నానో వాళ్ళకు నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. దానం ఒక పద్దు, బాకీ మరొక పద్దు. హదీసుల్లో దివాలా తీసినవాడి ప్రస్తావన ఉంది. ఆఖరి తీర్పునాడు ఒకడు నమాజు, ఉపవాసం, జకాతు అన్నీ మూటగట్టుకుని వస్తాడు. వాడు తిట్టినవాళ్ళు, కొట్టినవాళ్ళు, సొమ్ము తిన్నవాళ్ళు వరసగా వచ్చి ఆ పుణ్యమంతా తమ బాకీ కింద పంచుకుపోతారు. అసలు దివాలా అదేనన్నారు ప్రవక్త.

మరి సంతలో వందలమందికి తూకం తగ్గించినవాడు ఎవరికని తిరిగిస్తాడు? పేర్లు తెలియవు, ఊళ్ళు తెలియవు. యూదుల తాల్ముదు గ్రంథాల్లో ఈ చిక్కు గురించి చర్చ ఉంది. తెలిసినవాళ్ళకు ఇవ్వాలి. తెలియనివాళ్ళ సొమ్ముతో జనానికి పనికొచ్చేవి చేయించాలి. నీటి తొట్లు, గుంటలు తవ్వించమన్నారు. ఆ నీళ్ళు తాగటానికి వచ్చేవాళ్ళలో తను మోసగించినవాడు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఉంటాడని లెక్క.