జబ్బు చేసినంత మాత్రాన ఓటు పోదు



ఎన్నికలు దగ్గరపడితే మన ఓ.పి. వరండాలో ఒక ప్రశ్న వినబడుతూ ఉంటుంది. "మా నాన్నగారు మనోవ్యాధికి మందులు వాడుతున్నారు సిస్టర్, ఆయనకు ఓటుంటుందా?" "ఆయనకెందుకులే" అని ఇంట్లోవారే అనుకొని ఊరుకుంటారు.

ఓటుంటుంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం, మతిస్థిమితం లేదని న్యాయస్థానం ప్రకటించినప్పుడే ఆ కారణంగా ఓటు పోతుంది. డాక్టరుగారి చీటీ వలన గాని, మందుల వలన గాని, ఇరుగుపొరుగు మాట వలన గాని పోదు. మానసిక చికిత్సాలయంలో ఎన్నాళ్ళున్నా, ఆ కారణంగా రోగి నివాసం ఆసుపత్రికి మారినట్లు చట్టం లెక్కించదు.

కుష్ఠువ్యాధి నయమైన పెద్దవారిది ఇంకొక బాధ. వ్రేళ్ళు లేవు, సిరా గుర్తు ఎక్కడ పెడతారు, పదిమందిలో చిన్నబోవాలి కదా అని బూత్ వైపే వెళ్ళరు. ఎన్నికల నియమాలలో దీనికి జవాబుంది. ఎడమ చూపుడు వ్రేలు లేకపోతే ఆ చేతి మరొక వ్రేలికి, ఆ చేతికి వ్రేళ్ళే లేకపోతే కుడిచేతి వ్రేలికి, రెండు చేతులకూ లేకపోతే మిగిలిన చేతి చివరన గుర్తు పెట్టాలి. సిబ్బంది తెలియక తడబడితే ఈ సంగతి వారికి చెప్పండి. సిగ్గుపడవలసినది మీరు కాదు.

చూపు లేనివారు, బటన్ నొక్కలేనివారు 18 సంవత్సరాలు నిండిన ఒకరిని తోడు తీసుకొనివెళ్ళవచ్చును. అయితే ఒక మనిషి ఆ రోజున ఒక్క ఓటరుకే తోడు ఉండాలి. కాబట్టి మన నర్సమ్మ ఒక్కరే నలుగురి ఓట్లు వేయించడం కుదరదు. ఇంటివారే రావాలి.

లోక్‌సభ, శాసనసభ ఎన్నికలలో 85 ఏళ్ళు దాటినవారికి (2024కు ముందు ఇది 80 ఏళ్ళు), 40 శాతం లేక అంతకు మించిన వైకల్యం ఉన్నట్లు సర్టిఫికెట్ గలవారికి ఇంటివద్దనే ఓటు వేసే వీలుంది. నోటిఫికేషన్ వచ్చిన తరువాత 5 రోజుల లోపల 12డి ఫారం ఇవ్వాలి. ఆ అవకాశం మంజూరైన తరువాత బూత్‌కు వెళ్ళి వేయడానికి వీలుండదు, గమనించగలరు.

వార్డులో మంచం మీదున్న మామూలు రోగికి మాత్రం అక్కడినుండే ఓటు వేసే ఏర్పాటు చట్టంలో లేదు. ఇది విచారకరమే. అందుచేత ముందే చెప్పుకొనే ఆపరేషన్లయితే తేదీ మార్చవచ్చునేమో డాక్టరుగారిని అడగండి. డయాలసిస్ వారు తమ వంతు సమయం గురించి ముందుగా మాట్లాడుకోండి. అత్యవసరమైతే వైద్యమే ముందు. మన సిబ్బంది కూడా ఓటర్లే గనుక షిఫ్టులు ఆ విధంగా వేసుకోవాలి.

ఇక మేము చేయకూడని పనులు. "ఎవరికి వేయమంటారు డాక్టరుగారూ?" అని కొందరు అమాయకంగా అడుగుతారు. మా జవాబు ఒక్కటే: అది మీ ఇష్టం, మాకు చెప్పనక్కరలేదు. ఉచితంగా వైద్యం పొందిన మనిషికి మా నోటివెంట ఒక గుర్తు పేరు వస్తే, అది సలహాగా వినిపించదు, ఋణం తీర్చమన్నట్లుంటుంది. ప్రార్థనా స్థలాలను ఎన్నికల ప్రచారానికి వాడరాదని ఎన్నికల ప్రవర్తనా నియమావళి కూడా చెబుతున్నది. ఆసుపత్రి ఆవరణలో కరపత్రాలు పంచవద్దని అన్ని పార్టీలవారికీ ఒకే విధంగా చెబుతాము.

రోగులను బూత్‌కు చేరవేయడానికి అభ్యర్థి తరఫున జీపు పంపుతామన్నా వద్దంటాము. ఓటర్లను అలా ఉచితంగా తరలించడం 1951 చట్టం ప్రకారం అవినీతి చర్య. నడవలేనివారు వాహనం, చక్రాల కుర్చీ కోసం మీ బూత్ స్థాయి అధికారిని ముందుగా అడగండి.

జాబితాలో పేరు ఉన్నదో లేదో ఇప్పుడే చూసుకోండి. కొత్తగా చేరేవారికి ఫారం 6. 2022 నుండి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు 1వ తేదీలలో దేనికి 18 నిండినా అర్హతే. వివరాలకు 1950కి ఫోన్ చేయవచ్చును. చదవడం, వ్రాయడం రానివారు ఓ.పి. చీటీల కౌంటరులో అడిగితే ఫారం నింపిపెడతారు. వచ్చేటప్పుడు ఆధార్, ఫోటో తెచ్చుకోండి.