కంటికొక మజిలీ

సంగారెడ్డికి సమీపమున, కల్పగూరు వద్ద, మంజీరా నదికి అడ్డముగ ఒక ఆనకట్ట కలదు. దాని వెనుకనున్న జలాశయము 1978లో మొసళ్లకును, నీటిపక్షులకును అభయారణ్యముగ ప్రకటింపబడినది. ఒకనాటి ప్రాతఃకాలమున నేనచటికి పోయితిని. కనుచూపుమేర నీరు, ఆవలియొడ్డున తుంగ, పైన పలుచని మంచు. మనస్సుప్పొంగి పదునైదు ఛాయాచిత్రములు తీసితిని. ఇంటికి వచ్చి చూచుకొనగా ఒక్కదానియందును నేను చూచిన మంజీర లేదు. క్రింద బూడిదవన్నె నీరు, పైన బూడిదవన్నె ఆకాశము, నడుమ సన్నని గీత! మా చెల్లెలు వానిని త్రిప్పి త్రిప్పి చూచి, “ఇందులో ఏమి చూడవలెను, అన్నా?” అని అడిగినది.

ఆ ప్రశ్నలోనే విషయమంతయు ఉన్నది. మన కన్ను దృశ్యమునంతను ఒక్కమారు స్పష్టముగ చూడజాలదు. చేయి చాచి బొటనవ్రేలిని నిలిపినచో, ఆ వ్రేలు కప్పునంత మేరయే మిక్కిలి స్పష్టముగ గోచరించును, తక్కినదంతయు మసక. అందుచేత కన్ను ఒకచోటినుండి మరియొకచోటికి క్షణక్షణము దుముకుచు, దేనిమీదనైనను నిలువగోరును. నదియొడ్డున నున్నపుడు చల్లగాలి, పక్షుల కలకలము, అలల కదలిక మనకు తోడుపడును. కాగితముమీద అవి యుండవు. అచట మజిలీ దొరకనిచో కన్ను వెనుదిరిగి పోవును. ఆ మజిలీనే దృష్టికేంద్రమందురు.

ఏది కేంద్రము కాగలదు? చీకటి నడుమ వెలుగు, పచ్చదనములో ఎఱ్ఱచీర, బయలులో ఒంటరి చెట్టు. అన్నింటికంటె బలమైనది మనుష్యుడు. ఎంత చిన్నగ కనబడినను మన చూపు ముందుగ మనిషిని వెదకును.

పూర్వము దీనిని మరచుటకు వీలులేకుండెను. 1844లో మీరట్ సమీపమందలి సర్ధనాలో జన్మించి, ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడై ‘రాజా’ బిరుదమందిన దీన్ దయాళు కాలమున, ఒక్కొక్క చిత్రమునకు ఒక్కొక్క గాజుపలక వలసియుండెను. బరువైన కెమెరాను ముక్కాలిపై నిలుపుటకు ముందే, దేనిని చూపవలెనో నిశ్చయించుకొనవలెను. నేడు చేతిలోని ఫోను ఖర్చడుగదు. కావున కంటికంటె ముందు వ్రేలు పరుగెత్తుచున్నది. పైగా ఫోనులోని కటకము విశాలమైన మేరను పట్టుటచే, దూరపు వస్తువులు మరింత చిన్నవగును.

నేను మరల మంజీరకు పోయితిని. ఈసారి ఒడ్డువెంబడి చాలదూరము నడచి, నీటిలో ఎండి నిలిచిన ఒక చెట్టును, దానిపై రెక్కలారవేసుకొనుచున్న నీటికాకులను కనుగొంటిని. చిత్రమును నిలువునను అడ్డమునను మూడేసి భాగములు చేసి, ఆ గీతలు కలియుచోట ముఖ్యవస్తువును ఉంచుమని చెప్పుదురు. మూడవవంతుల ఈ సూత్రమును 1797లోనే జాన్ టామస్ స్మిత్ అను ఆంగ్లచిత్రకారుడు పేర్కొనెను. సూత్రము మంచిదే కాని, వెదకి నడచుటకు అది బదులు కాదు.

కేంద్రమును ఎన్నుకొనుట అందమునకు మాత్రమే సంబంధించినది కాదని పటాన్‌చెరులో నాకు తెలిసినది. 1970వ దశకమునుండి అచట రసాయన, ఔషధ పరిశ్రమలు పెరిగినవి. వేలమందికి పని దొరికినది. కాని కర్మాగారముల మురుగు నక్కవాగులో చేరి, పొలములను, బావులను చెఱచినది. ఆ గోడు 1990లో సుప్రీంకోర్టు దాక పోయినది.

ఆ వాగుగట్టున నిలిచితిని. నాలుగడుగులు ఎడమకు జరిగినచో పొగగొట్టము తాటిచెట్టు చాటుకు పోవును. తెల్లని కొంగ కేంద్రమగును. చూచువారు ‘ఎంత ప్రశాంతమైన పల్లె!’ అందురు. కుడికి జరిగినచో పొగగొట్టమే చిత్రమంతయు నిండును. పల్లె ఉన్నదన్న సంగతియే తెలియదు. రెండును కన్నులయెదుట నున్నవే. ఏది తీయుటకును చేయి రాలేదు.

అరగంటకు ఒక ముదుసలి బర్రెలను తోలుకొని వచ్చెను. అవి వాగువైపు మెడలు చాచగా, ఆయన కఱ్ఱ అడ్డముపెట్టి గట్టుమీదికి మరల్చుచుండెను. నేను నేలపై కూర్చుండి, ఆ కఱ్ఱపట్టిన చేతిని మూడవవంతు గీతపై నిలిపి, వెనుక పొగగొట్టము సన్నగ కనబడునట్లు ఒకే ఒక చిత్రము తీసితిని.

ఇంటికడ చెల్లెలు దానిని చాలసేపు చూచినది. ఈసారి ఆమె అడిగిన ప్రశ్న వేరు: “అన్నా, తాత బర్రెలను నీళ్లదగ్గరికి ఎందుకు పోనీయడు?”