మూలపత్రం ముందు ఉపాధ్యాయుడు

కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో విదేశీ వర్తకులకు అభయమిచ్చాడని చరిత్ర పాఠ్యగ్రంథాలు చెబుతాయి. విద్యార్థి ఆ వాక్యాన్ని చదివి, గుర్తుంచుకొని, పరీక్షలో రాస్తాడు. 1244లో మోటుపల్లిలో వెలసిన శాసనం ఇంతకంటె ఎక్కువ మాట్లాడుతుంది. తుపానుకు చిక్కి తీరానికి కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును పూర్వపు రాజులు బలవంతంగా హరించేవారని అది ఒప్పుకుంటుంది. ప్రాణం కంటె ధనమే మిన్న అని తలచి సముద్రయానానికి సాహసించిన వర్తకుల మీద దయతో, నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని మాట ఇస్తుంది. ఆ శాసనం మూలాధారం. దానిని ఆధారం చేసుకొని తరువాతివారు రాసిన వాక్యం వ్యాఖ్య. వాక్యం చదివినవాడికి సమాచారం లభిస్తుంది. శాసనం చదివినవాడికి మాత్రం ప్రశ్నలు పుట్టుకొస్తాయి. పూర్వపు రాజుల తప్పును రాజు స్వయంగా ఎందుకు చెప్పుకున్నాడు? అంతవరకు వర్తకులు ఈ రేవుకు రావడానికి జంకారా? దయ అన్న మాట వెనుక బొక్కసం అవసరం ఎంత?

ఇటువంటి ప్రశ్నలు తరగతి గదిలో పుట్టాలంటే ముందు అవి ఉపాధ్యాయుని మనస్సులో పుట్టాలి. ఈ ఆలోచనతోనే అమెరికా సంయుక్త రాష్ట్రాలలో చరిత్రోపాధ్యాయుల కోసం మూలపత్ర చర్చాగోష్ఠులు విస్తరించాయి. వీటిని ఆంగ్లంలో సెమినార్లంటారు. ఆ మాటకు మూలమైన లాటిన్ పదానికి నారుమడి అని అర్థం. 19వ శతాబ్దం తొలి అర్ధభాగంలో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో లియోపోల్డ్ ఫాన్ రాంకే అనే చరిత్రకారుడు కొద్దిమంది శిష్యులను కూర్చోబెట్టుకొని, పాత పత్రాలను వారిచేత చదివించి, వాటి విశ్వసనీయతను వారిచేతనే తేల్పించేవాడు. చరిత్ర విద్యలో సెమినారుకు అది నారుమడి. ఆ పద్ధతి సముద్రం దాటి అమెరికా విశ్వవిద్యాలయాలకు చేరింది. అదే శతాబ్దం చివర నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో ఫ్రెడ్ మారో ఫ్లింగ్ దానిని పాఠశాలలకు సైతం తీసుకొని పోవాలని పట్టుబట్టాడు. అయితే పాఠశాలలలో పాఠ్యగ్రంథానిదే పైచేయిగా చాలాకాలం సాగింది.

మార్పు 20వ శతాబ్దం చివరి దశకంలో స్పష్టమయింది. 1994లో న్యూయార్కులో గిల్డర్ లేర్మన్ సంస్థ ఏర్పడి, వేసవి సెలవులలో ఉపాధ్యాయులకు చరిత్రగోష్ఠులు నిర్వహించసాగింది. ఒహాయో రాష్ట్రంలోని ఆష్‌బ్రూక్ కేంద్రం కూడ పత్రాల చర్చే ప్రధానంగా గోష్ఠులు జరుపుతుంది. 2001లో సెనేటర్ రాబర్ట్ బర్డ్ చొరవతో కేంద్ర ప్రభుత్వం చరిత్రోపాధ్యాయుల శిక్షణకు ప్రత్యేక నిధులు కేటాయించింది. ఆ నిధులు దాదాపు పదేళ్లు సాగి నిలిచిపోయాయి. ఈలోగా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, జాతీయ పత్రాగారం తమ వద్దనున్న పత్రాల ఛాయాచిత్రాలను కంప్యూటరు ద్వారా అందరికీ అందుబాటులోకి తెచ్చాయి. పూర్వం పరిశోధకుడు రైలెక్కి వాషింగ్టన్ వెళ్లి చేతితో తాకవలసిన కాగితాన్ని ఇప్పుడు మారుమూల పల్లెలోని ఉపాధ్యాయుడు తన బల్ల మీద చూడగలుగుతున్నాడు.

పత్రం చేతికి వచ్చినంత మాత్రాన అది మాట్లాడదు. 1991లో శామ్ వైన్‌బర్గ్ అనే విద్యాపరిశోధకుడు ప్రచురించిన ఒక అధ్యయనం ఈ విషయాన్ని తేటతెల్లం చేసింది. అమెరికా స్వాతంత్ర్య సమరానికి నాంది అయిన 1775 నాటి లెక్సింగ్టన్ కాల్పులను గురించిన పత్రాలను అతడు ఎనిమిది మంది చరిత్రకారులకు, ఎనిమిది మంది ఉన్నత పాఠశాల విద్యార్థులకు ఇచ్చి, చదువుతున్నప్పుడు మనసులో మెదిలిన ప్రతి ఆలోచననూ పైకి చెప్పమన్నాడు. విద్యార్థులు మొదటి పంక్తి నుండి చివరి పంక్తి వరకు వరుసగా చదివారు. చరిత్రకారుల చూపు మాత్రం ముందు పత్రం అడుగున ఉన్న పేరు మీదికి, తేదీ మీదికి పోయింది. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరికి రాశారు అన్నది తేలకుండా వారు లోపలి మాటను నమ్మలేదు. ఆ విద్యార్థులు తెలివితక్కువవారు కారు, బాగా చదివేవారే. లోపించింది తెలివి కాదు, అలవాటు.

ఈ అలవాటును ఉపాధ్యాయునికి పట్టించడమే గోష్ఠి ఉద్దేశం. పత్రాలు ముందుగానే అందుతాయి. వాటిని చదవకుండా వచ్చినవారికి ఆ రోజు అక్కడ పని ఉండదు. అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. విశ్వవిద్యాలయ ఆచార్యుడొకడు చర్చను నడుపుతాడు గాని ఉపన్యసించడు. ప్రశ్న అడుగుతాడు, జవాబు వస్తే ‘ఆ మాట పత్రంలో ఎక్కడుంది?’ అని మళ్లీ అడుగుతాడు. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్న ఉపాధ్యాయునికి ఈ రెండవ ప్రశ్న కొంత ఇబ్బంది కలిగిస్తుంది. తనకు తెలుసుననుకున్న అనేక విషయాలు పత్రంలో లేవని, పాఠ్యగ్రంథంలో మాత్రమే ఉన్నాయని అప్పుడు తెలుస్తుంది.

ఇటువంటి గోష్ఠికి బాగా తగిన పత్రాలు అబ్రహాం లింకన్ కాలానివి. అమెరికాలో అంతర్యుద్ధం సాగుతున్న రోజులలో, 1862 ఆగస్టు 22న, లింకన్ పత్రికా సంపాదకుడైన హోరెస్ గ్రీలీకి ఒక లేఖ రాశాడు. దేశసమైక్యతను కాపాడడమే తన ప్రధాన లక్ష్యమని, ఒక్క బానిసనైనా విడిపించకుండా అది సాధ్యమైతే అలాగే చేస్తానని, అందరినీ విడిపిస్తేనే సాధ్యమైతే అదీ చేస్తానని, కొందరిని విడిపించి కొందరిని విడిచిపెట్టవలసి వస్తే అందుకూ సిద్ధమేనని అందులో ఉంది. ఈ ఒక్క లేఖ చదివినవారు బానిసల విముక్తి లింకన్‌కు ముఖ్యం కాదని వెంటనే తీర్పు చెబుతారు. గోష్ఠిలో మొదటి అరగంట ఈ తీర్పే వినబడడం సహజం.

అప్పుడు లేఖలోని చివరి వాక్యం మీదికి చర్చ మళ్లుతుంది. పైన చెప్పినది తన అధికార ధర్మం మేరకు మాత్రమేనని, మానవులందరూ స్వేచ్ఛగా ఉండాలన్న తన వ్యక్తిగతమైన కోరికలో ఏ మార్పూ లేదని లింకన్ అక్కడ అంటాడు. ఆ తరువాత తేదీలు. లేఖకు నెల రోజుల ముందు, జూలై 22న, బానిస విముక్తి ప్రకటన చిత్తుప్రతిని లింకన్ తన మంత్రివర్గానికి చదివి వినిపించాడు. యుద్ధంలో ఒక విజయం దక్కేవరకు ఆగమని విదేశాంగ మంత్రి సివార్డ్ సలహా ఇచ్చినందున అది సొరుగులో ఉండిపోయింది. అంటే, గ్రీలీకి లేఖ రాస్తున్న చేతికి అందేంత దూరంలోనే విముక్తి ప్రకటన ఉన్నది. సెప్టెంబరు 17న యాంటీటమ్ యుద్ధం ముగిసింది. 22న తొలి ప్రకటన వెలువడింది. ఇప్పుడు ఆ లేఖను మళ్లీ చదివితే అది ఉదాసీనుని మాటగా తోచదు. రాబోయే నిర్ణయానికి ప్రజలను సిద్ధం చేస్తున్న రాజకీయవేత్త మాటగా తోస్తుంది. కాదు, అతడు రెండు దారులూ తెరిచి ఉంచుకున్నాడని వాదించేవారూ ఉంటారు. ఇద్దరూ అదే కాగితం మీద వేలు పెట్టి చూపగలరు.

1863 జనవరి 1 నాటి తుది ప్రకటన మరొక చిక్కు. అది చదివినవారిలో చాలామందికి మొదట నిరాశే కలుగుతుంది. స్వేచ్ఛను గురించిన ఉదాత్త వాక్యాల కోసం వెదికితే జిల్లాల పేర్లు, మినహాయింపులు కనబడతాయి. తిరుగుబాటు చేసిన ప్రాంతాలలోని బానిసలకే ఆ ప్రకటన వర్తించింది. సమైక్యపక్షంలో నిలిచిన డెలావేర్, మేరీలాండ్, కెంటకీ, మిస్సోరీ రాష్ట్రాలలో బానిసత్వం యథాతథంగా ఉండిపోయింది. యుద్ధకాలంలో సైన్యాధిపతిగా శత్రుప్రాంతం మీద మాత్రమే అధ్యక్షునికి ఇటువంటి అధికారం ఉన్నదన్న న్యాయసూత్రమే అందుకు కారణం. పత్రం పొడిగా ఉండడానికీ అదే కారణం: న్యాయస్థానంలో నిలవవలసిన కాగితం అది. అదే ప్రకటన నల్లజాతివారికి సైన్యంలో ప్రవేశం కల్పించింది. యుద్ధం ముగిసేలోగా వారిలో దాదాపు 1,80,000 మంది సైన్యంలో చేరారు. పాఠ్యగ్రంథాలు సాధారణంగా ప్రకటన మొదటి సగాన్ని ఎత్తిచూపి, ఈ రెండవ సగాన్ని వదిలివేయడం విచిత్రం.

1864 ఏప్రిల్ 4న కెంటకీకి చెందిన ఆల్బర్ట్ హాడ్జెస్‌కు లింకన్ రాసిన లేఖ, 1876 ఏప్రిల్ 14న వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం వద్ద ఫ్రెడరిక్ డగ్లస్ చేసిన ప్రసంగం కూడ ఈ వరుసలో చేరదగినవి. బానిసత్వం తప్పు కాకపోతే లోకంలో తప్పన్నదే లేదని లింకన్ హాడ్జెస్‌కు రాశాడు. కాని ఆ భావన ప్రకారం నడిచే హక్కు పదవి తనకు ఇవ్వలేదని అక్కడే అన్నాడు. స్వయంగా బానిసగా పుట్టి తప్పించుకొని వచ్చిన డగ్లస్ తీర్పు ఇంకా నిశితమైనది. బానిసత్వ వ్యతిరేకుల చోటు నుండి చూస్తే లింకన్ మందగమనుడని, నాటి దేశప్రజల మనోభావాలతో కొలిస్తే అతడే వేగవంతుడని డగ్లస్ భావించాడు. కొలబద్ద మారితే కొలత మారుతుందన్న సంగతిని ఆ ప్రసంగం చెప్పినంత సూటిగా ఏ పద్ధతిశాస్త్ర గ్రంథమూ చెప్పలేదేమో.

ఈ పద్ధతికి లోపాలు లేకపోలేదు. గోష్ఠిలో ఏ పత్రాలు బల్ల మీదికి రావాలో ఎవరో ఒకరు నిర్ణయిస్తారు; ఆ ఎంపికలోనే ఒక అభిప్రాయం దాగి ఉంటుంది. గ్రీలీ లేఖ ఒక్కటే ఇచ్చినవాడు ఒక లింకన్‌ను, హాడ్జెస్ లేఖ ఒక్కటే ఇచ్చినవాడు మరొక లింకన్‌ను చూపిస్తాడు. నిడివి తగ్గించడానికి మధ్యలో మూడు చుక్కలు పెట్టి వదిలిన వాక్యాలు కొన్నిసార్లు అర్థాన్నే మార్చివేస్తాయి. గోష్ఠి నుండి ఉత్సాహంగా తిరిగివెళ్లిన ఉపాధ్యాయునికి పాఠ్యప్రణాళిక, పరీక్షలు ఎదురవుతాయి. ఒక లేఖ మీద రెండు గంటలు చర్చించే వ్యవధి తరగతిలో ఎక్కడిది? అన్నింటికంటె పెద్ద లోపం పత్రాలలోనే ఉన్నది. రాయగలిగినవారే పత్రాలు విడిచిపోతారు. 1860 నాటికి అమెరికాలో దాదాపు 40 లక్షల మంది బానిసలుండేవారు. అనేక దక్షిణ రాష్ట్రాలలో వారికి చదువు చెప్పడం చట్టప్రకారం నేరం. వారి కంఠస్వరం పత్రాగారంలో వెదికితే అరుదుగా వినబడుతుంది.

అరుదుగానైనా వినబడుతుంది. వాషింగ్టన్‌లోని జాతీయ పత్రాగారంలో 1864 ఆగస్టు 25 తేదీ గల చిన్న ఉత్తరం ఒకటి ఉన్నది. మేరీలాండ్ రాష్ట్రంలోని బెలెయిర్ నుండి ఆనీ డేవిస్ అనే బానిస స్త్రీ నేరుగా అధ్యక్షునికి రాసినది. విరామచిహ్నాలు కుదురుగా లేవు. తనకు స్వేచ్ఛ కావాలని, తూర్పు తీరంలో ఉన్న తన వారిని చూసి రావాలని ఉందని, యజమానురాలు వెళ్లనివ్వడం లేదని రాసింది. మేము స్వతంత్రులమా కాదా చెప్పమని అడిగింది. వీలైతే ఈ వారంలోనే కబురు పంపమని కోరింది.

గోష్ఠిలో ఈ ఉత్తరం చివరగా వస్తే, అంతవరకు లింకన్ మనస్సులో ఏమున్నదని వాదించినవారు కొంతసేపు మౌనం వహిస్తారు. ముక్తి ప్రకటన వెలువడి ఇరవై నెలలు కావస్తున్నది. ఆ వార్త ఆమెకు ఏదో ఒక రూపంలో చేరే ఉండాలి. చేరకపోతే ‘స్వతంత్రులమా’ అన్న ప్రశ్న పుట్టదు. కాని ప్రకటన మినహాయించిన రాష్ట్రాలలో మేరీలాండ్ ఒకటి. ఉదయం నుండి పొడిగా కనబడిన ఆ మినహాయింపుల పట్టిక ఇప్పుడు ఒక మనిషి పేరు ధరించి ఎదుట నిలుస్తుంది.

ఉపాధ్యాయులు తమ తరగతికి తీసుకొనిపోదగిన అభ్యాసం ఇక్కడే దొరుకుతుంది. అధ్యక్షుని కార్యాలయంలో గుమాస్తాగా ఉండి ఈ ఉత్తరానికి జవాబు రాయమని విద్యార్థులను అడగవచ్చు. షరతు ఒక్కటే: ఆ తేదీ నాటికి అమలులో ఉన్న చట్టానికి విరుద్ధంగా ఒక్క మాట కూడ రాయకూడదు. అసలు ఉత్తరానికి జవాబు వెళ్లిన జాడ లభించలేదు. మేరీలాండ్ ఓటర్లు కేవలం 375 ఓట్ల ఆధిక్యంతో, అదీ యుద్ధభూమి నుండి వచ్చిన సైనికుల ఓట్లు కలిసినందువల్ల, బానిసత్వాన్ని రద్దు చేసే కొత్త రాజ్యాంగాన్ని ఆమోదించారు. అది 1864 నవంబరు 1న అమలులోకి వచ్చింది. ఆనీ డేవిస్ ఉత్తరం రాసిన నాటికి అది 68వ రోజు.