కణుపు నెఱిగి కోయుట

1937లో నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడిన బోధను సీమలో చెఱకు నాటుట తరతరములుగా తెలిసిన విద్య. విత్తనపు గడను రైతు తోచిన చోట నఱకడు. ప్రతి ముచ్చెకును కణుపు, దానిపై కన్ను ఉండునట్లు చూచుకొనును. కన్ను లేని ముక్క మొలవదు. డిజిటల్ వీడియోను కోయుటలోని మర్మమును ఇట్టిదే.

సెకనుకు 25 బొమ్మలు వరుసగా కనబడినచో కంటికి చలనము తోచును. 1920 చుక్కల వెడల్పును 1080 చుక్కల ఎత్తును గల బొమ్మలో 20 లక్షలకు మించిన చుక్కలుండును. చుక్కకు 3 బైట్ల చొప్పున ఒక్క సెకనుకే 15 కోట్ల బైట్లు దాటును. కావున ఈ భారమును కుదింపవలసి వచ్చినది.

కుదించు మార్గములు ముఖ్యముగా రెండు. బొమ్మలో కన్ను గుర్తింపని సూక్ష్మ భేదములను విడుచుట మొదటిది. దీనికి ఆధారమైన గణిత పద్ధతిని నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కామిశెట్టి రామమోహనరావు అను మువ్వురు 1974లో ప్రకటించిరి. ఒక బొమ్మను పూర్తిగా దాచి, తరువాతి వానిలో మాఱిన భాగమును మాత్రమే వ్రాసికొనుట రెండవది. ఆ పూర్తి బొమ్మకు కీఫ్రేము అని పేరు. అదియే వీడియోకు కణుపు.

సాధారణముగా కూర్పు చేయునపుడు కంప్యూటరు బొమ్మల నన్నిటిని విప్పి, మరల కుదించును. అప్పుడు మఱికొన్ని వివరములు జాఱిపోవును. నకలుకు నకలు తీసినకొలది అక్షరములు మసకబాఱినట్లు, పలుమాఱులు ఇట్లు చేసినచో ముఖములు అలుకుకొనిపోవును.

దీనికి విరుగుడు విప్పకుండ కోయుట. 2000 సంవత్సరమున వెలువడిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ అను ఉచిత సాధనము కోరిన భాగమును ఉన్నది ఉన్నట్లుగా క్రొత్త ఫైలులోనికి ఎత్తివ్రాయగలదు. లెక్క కట్టవలసిన పని లేనందున ఇది త్వరగా ముగియును. అయితే తునక కీఫ్రేముతోనే మొదలు కావలెను. లేనిచో తదుపరి కీఫ్రేము వచ్చువఱకు తెర నల్లగానో చెదరియో కనబడును. కోరిన చోటు రెండు కణుపుల నడుమ నున్నచో వెనుకటి కణుపు నుండి కోయుట మేలు. కొన్ని సెకనులు అధికముగా వచ్చినను నష్టము లేదు.

సిరికొండ వంటి ఊళ్లలో నేడు పెండ్లిండ్లును బతుకమ్మ ఆటలును సెల్‌ఫోనులలో నిలుచుచున్నవి. గంటసేపటి వీడియోలో, కీర్తిశేషురాలైన ఒక అవ్వ పాడిన పాట రెండు నిమిషములే ఉండవచ్చును. మనుమలకు మిగిలిన ఆనవాలు అదియే కావచ్చును. దానిని కోయువారు కణుపు నెఱిగి కోయవలెను. తునకను మొదటి నుండి చివరి వఱకు చూచి సరిపోల్చుకొనువఱకు మూలమును చెఱపరాదు. పోయిన వివరమును ఏ సాధనమును యథాతథముగా తిరిగి తేజాలదు.