ఆ తొమ్మిది సెకన్లు ఎక్కడ పోయాయి?

పొద్దున ఐదున్నరకు మిర్యాలగూడ ఎన్‌ఎస్‌పీ క్యాంపు గ్రౌండ్‌కి ఎప్పుడైనా వెళ్లారా? ఇంకా పూర్తిగా తెల్లారదు, అప్పటికే పిల్లలు ఉరుకుతుంటారు. కొందరికి బూట్లు ఉంటాయి, కొందరివి ఉత్త కాళ్లు. చాలామంది టార్గెట్ ఒకటే, పోలీసు ఉద్యోగం.

మా చిన్నాన్న కొడుకూ వాళ్లలో ఒకడు. తెలంగాణ పోలీసు 2022 నోటిఫికేషన్ ప్రకారం, మాజీ సైనికులు తప్ప మిగతా మగవాళ్లు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలి. ఆడవాళ్లకైతే 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. పరుగులో ఫెయిలైతే లాంగ్‌జంప్, షాట్‌పుట్ దాకా పోనే పోరు. ప్రిలిమ్స్ పాసైన మావాడు ఇక్కడ 9 సెకన్లు లేటు. రెండేళ్ల కోచింగ్, ఫీజు కోసం పిన్ని కుదువపెట్టిన గొలుసు.. అన్నీ ఆ గీత దగ్గరే ఆగిపోయాయి.

"దమ్ము సాల్తలేదన్నా. ఇగ నాతోని కాదు" అన్నాడు.

నేను సాఫ్ట్‌వేర్‌వాణ్ని. ప్రోగ్రామ్ ఆగిపోతే లాగ్ తీసి, ఎక్కడ ఆగిందో చూస్తాం. ఇక్కడా అదే చేశా.

రౌండ్ రౌండ్‌కీ లెక్క

టేపుతో 400 మీటర్ల రౌండ్ కొలిచి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి వాణ్ని ఉరికించా. మొదటి రౌండ్ 84 సెకన్లు, రెండోది 106, మూడోది 121, నాలుగోది 135. మొత్తం 7 నిమిషాల 26 సెకన్లు. దమ్ము లేక కాదు, ఉన్న దమ్మంతా మొదటి రౌండ్‌లోనే ఖర్చు పెట్టేస్తున్నాడు!

కండరానికి శక్తి రెండు దారుల్లో వస్తుంది. ఆక్సిజన్‌తో తయారయ్యేది సాగర్ ఎడమ కాలువ లాంటిది, నిదానంగా వచ్చినా చాలాసేపు పారుతుంది. ఆక్సిజన్ అవసరం లేకుండా గబగబా వచ్చేది డ్రమ్ములో పట్టిపెట్టిన నీళ్ల లాంటిది, తొందరగా అయిపోతుంది. మొదట్లోనే మన స్థాయికి మించి ఉరికితే డ్రమ్ము ఖాళీ అవుతుంది. కండరంలో ఆమ్లత్వం పెరుగుతుంది, కాళ్లు బరువెక్కుతాయి.

435 సెకన్లను నాలుగుతో భాగిస్తే రౌండ్‌కి 108 సెకన్ల పైచిలుకు. "మొదటి రౌండ్ 107 కన్నా తక్కువలో వస్తే మళ్లీ మొదటి నుంచి" అని రూల్ పెట్టా. పక్కోళ్లు దాటిపోతుంటే ఆగడం వాడికి నరకమే. వారంలో ఒకరోజు ఆగి ఆగి 400 మీటర్ల వేగం పరుగులు, మిగతా రోజుల్లో మాట్లాడుకుంటూ ఉరికేంత నెమ్మది పరుగు, ఒకరోజు పూర్తి రెస్టు. మూడు నెలలకు 107, 109, 109, 105. అంటే 7 నిమిషాల 10 సెకన్లు!

గుండు విసిరేది కాదు

షాట్‌పుట్‌లో మగవాళ్లకి 7.26 కిలోల గుండు, ఒలింపిక్స్‌లో వాడే బరువే. దాన్ని 6 మీటర్లు వేయాలి. చాలామంది చేతి బలంతో విసరబోయి భుజం నొప్పి తెచ్చుకుంటారు. అసలు బలం నేల నుంచి మొదలవుతుంది. కాలు, నడుము, ఛాతీ దాటి చివరికి చేతికి వస్తుంది.

ఇంటర్ ఫిజిక్స్‌లో 45 డిగ్రీల కోణంలో వేస్తే ఎక్కువ దూరం పోతుందని చదివాం కదా! అది విసిరిన ఎత్తులోనే పడే వస్తువుకి. గుండు భుజం పైనుంచి వెళ్లి నేల మీద పడుతుంది. పైగా నిటారుగా నెట్టేకొద్దీ మన బలం తగ్గుతుంది. అందుకే మంచి త్రోయర్లు 35 నుంచి 38 డిగ్రీల దగ్గర వదులుతారు. లాంగ్‌జంప్‌లో అయితే ఇంకా తక్కువ, దాదాపు 20 డిగ్రీలు. ఎక్కువ పైకి ఎగరబోతే ఉరికొచ్చిన స్పీడ్ పోతుంది.

ఈ నొప్పిని లైట్ తీసుకోకండి

మోకాలి కింద ముందు ఎముక పొడవునా నొప్పా? ఒక్కసారిగా దూరం పెంచితే, సిమెంటు రోడ్డు మీద రోజూ ఉరికితే ఇది ఎక్కువ. దూరం తగ్గించండి, మట్టి నేల మీదికి మారండి. ఎముక మీద ఒకే చోట నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి ఉన్నా, రెస్టులోనూ తగ్గకపోయినా డాక్టర్‌కి చూపించాల్సిందే. ఎముకలో సన్న పగులు ఉండొచ్చు. రెండో రోజు వచ్చే ఒళ్లునొప్పులకు మాత్రం భయపడొద్దు. అది లాక్టిక్ యాసిడ్ వల్ల కాదు, అలవాటు లేని పనికి కండరంలో వచ్చే సూక్ష్మ గాయాల వల్ల. రెండు మూడు రోజుల్లో అదే సర్దుకుంటుంది.

ఇదంతా బడిలోనే నేర్పొచ్చు. పిల్లలకు రోజుకి సగటున 60 నిమిషాల వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా టెన్త్‌లో మాత్రం ఆటల పీరియడ్ లెక్కల పీరియడ్ అయిపోయింది. ఆ లెక్కలతోనైనా మమ్మల్ని ఒక్కరోజు గ్రౌండ్‌కి తీసుకెళ్లి ఉంటే!

మావాడికి ఉద్యోగం ఇంకా రాలేదు. పగలు రైస్‌మిల్లులో లెక్కలు రాస్తాడు, పొద్దున ఉరుకుతాడు. మొన్న 800 మీటర్లకు ప్రాక్టీస్ చేస్తున్న ఒకమ్మాయిని ఆపి, "చెల్లె, మొదటి రౌండ్ 160 సెకన్లకు రా, సాలు. జల్ది రాకు" అంటున్నాడు. చేతిలో నా ఫోన్, స్టాప్‌వాచ్ తిరుగుతోంది.