పిట్టలకు కావలి

మా చెల్లెలు ఇంగ్లాండులోని న్యూకాసిల్ నగరంలో నర్సుగా పనిచేస్తున్నది. 2019లో వెళ్లినది మళ్లీ ఊరికి రాలేదు. మొదట కరోనా, ఆ తరువాత సెలవుల చిక్కు. 2021లో నాన్నగారు ప్రభువునందు నిద్రించినప్పుడు కూడా ఫోనులోనే చూచి ఏడ్చింది. అందుచేత 2024 జూన్‌లో అమ్మను వెంటబెట్టుకొని నేను, నా భార్య, పన్నెండేళ్ల మా అబ్బాయి రెండు వారాలు ఆమె దగ్గరకు వెళ్లాము. టిక్కెట్లు ఆమే పంపింది. సంఘ కాపరి జీతంతో అయ్యే పని కాదని పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు గదా!

"అన్నయ్యా, లండను చూపించను, పిట్టల్ని చూపిస్తాను" అన్నది చెల్లెలు. అబ్బాయి ముఖం మాడ్చుకున్నాడు. "దానికి ఇంత దూరం రావాలా? తేలినీలాపురం పోతే చాలదా?" అన్నది అమ్మ. ఆ మాటలో తప్పు లేదు. మా శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊరికి ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి చెట్ల మీద గూళ్లు పెడతాయి. ఊరివారు వాటిని చుట్టాలవలె చూసుకుంటారు.

మొదటి రోజు సముద్రపు ఒడ్డున లాంగ్ నానీ అనే చోటికి వెళ్లాము. అక్కడ చిన్న టెర్న్ అనే పక్షులు, మన గోదావరి మీద తిరిగే తెల్ల పిట్టల కులానివే, ఇసుకలో చారెడు గుంట చేసి గుడ్లు పెడతాయి. గుడ్డు రంగు గులకరాయి రంగే. తెలియక కాలు వేస్తే అంతే సంగతులు. ఇక పోటు వస్తే నీటిపాలు, రాత్రి నక్కలపాలు. అందుకని నేషనల్ ట్రస్టు అనే సంస్థవారు వేసవి అంతా ఇసుకలోనే గుడారాలు వేసుకొని, రాత్రింబవళ్లు వంతులవారీగా కాపలా ఉంటారు. పోటు నీరు అందకుండా చేపల పెట్టెల్లో ఇసుక నింపి గూళ్లను వాటిపైకి ఎత్తుతారు. నాకు మా జొన్నచేను గుర్తుకు వచ్చింది. చిన్నతనంలో మంచె ఎక్కి, ఒడిసెల తిప్పి, పిట్టల మీదికి రాళ్లు విసిరినవాణ్ణి నేను. మేము పిట్టలనుండి చేనుకు కావలి. వీరు పిట్టలకే కావలి! ఆ రాళ్లలో కొన్ని గురి తప్పలేదని అబ్బాయితో చెప్పలేకపోయాను.

మరునాడు సీహౌసెస్ రేవులో బోటు ఎక్కి ఫార్న్ దీవులకు బయలుదేరాము. అమ్మ బుగ్గన అల్లం ముక్క పెట్టుకొని కళ్లు మూసుకున్నది. నడి నీటిలోకి వెళ్లేసరికి చుట్టూ పఫిన్‌లే. నల్లకోటు, తెల్లచొక్కా తొడుక్కున్నట్లుండే పొట్టి పక్షి, రంగుల ముక్కు. నెత్తళ్లవంటి సన్న చేపలను ముక్కున అడ్డంగా వరుసగా పట్టుకొని దీవిలోని తన బొరియకు పరుగెత్తుతుంది. త్రోవలో గల్ పక్షులు కాచుకొని ఉండి దోచుకుంటాయి. కొండ అంచుల మీద గిల్లెమాట్‌లు గూడు లేకుండా వట్టి రాతి మీదనే గుడ్డు పెట్టి నిలబడి ఉన్నాయి.

దీవిలో దిగగానే ఆర్కిటిక్ టెర్న్‌లు మా మీద పడ్డాయి. కాలిబాట ప్రక్కనే వాటి గూళ్లు. ముందే టోపీ పెట్టుకోమన్నారు. నాది అమ్మకిచ్చి నేను తువ్వాలు చుట్టుకున్నాను. అది జారింది. నా బట్టతల మీద ఎర్రని ముక్కుతో ఒక్క పోటు పొడిచింది, నెత్తురు వచ్చింది. ప్రయాణంలో అబ్బాయి మనసారా నవ్వినది అప్పుడే.

అయితే ఈ సందడి రెండేళ్లు ఆగిపోయిందట. 2022లో బర్డ్ ఫ్లూ సోకి ఈ దీవులలో వేలాది పక్షులు చచ్చాయి. కాపలావారు ఆ ఒక్క సంవత్సరమే 6,000కు పైగా కళేబరాలను ఏరి తీశారు. ఆ తరువాత 2024 వసంతంలో గాని సందర్శకులను మళ్లీ దిగనివ్వలేదు. 2022లో చెల్లెలు బోటులోనుండే చూచి తిరిగి వచ్చిందట. "ఆసుపత్రిలో చూచిందే మళ్లీ చూచినట్టు అనిపించింది వదినా" అని నా భార్యతో మెల్లగా అన్నది.

ఆ దీవి మీద రాతి ప్రార్థనాలయం ఒకటి ఉంది. 676లో కత్‌బర్ట్ అనే దైవజనుడు ఒంటరిగా ప్రార్థనలో గడపడానికి ఇక్కడికి వచ్చి, 687లో ఇక్కడే చనిపోయాడు. ఈడర్ బాతులను ఎవరూ వేటాడకుండా కాపాడాడని చెప్పుకుంటారు. ఆ ప్రాంతపువారు నేటికీ వాటిని 'కడ్డీ బాతులు' అంటారు. కడ్డీ అంటే కత్‌బర్ట్‌కు ముద్దుపేరు. పొదిగే తల్లి తన రొమ్ము ఈకలనే పరుపుగా వేసి, సుమారు 25 రోజులు దాదాపు తిండి లేకుండా కూర్చుంటుంది. బాట ప్రక్కన ఒకటి మేము వంగి చూచినా కదలలేదు. అమ్మ దాని ముందు చాలాసేపు నిలబడింది.

తిరుగు ప్రయాణంలో చెల్లెలు టెర్న్‌ల సంగతి చెప్పింది. 1982 వేసవిలో ఈ దీవుల్లో ఇంకా ఎగరలేని ఒక పిల్ల కాలికి రింగు తొడిగారు. అక్టోబరుకల్లా అది ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో కనిపించింది. 2015లో మరొకదాని కాలికి చిన్న పరికరం కట్టగా, మరుసటి మే నెలలో అదే చోటికి తిరిగి వచ్చేసరికి 96,000 కిలోమీటర్లు తిరిగినట్లు తేలింది. దాని బరువు సుమారు 100 గ్రాములు!

అమ్మ అప్పుడు కళ్లు తెరిచింది. "అంత పిట్ట ఏడాదికోసారి ఇల్లు చేరుకుంటోంది. నీకు ఐదేళ్లు చాలలేదేమే?" అన్నది. చెల్లెలు సముద్రంవైపు తిరిగి ఊరకున్నది. బోటు రేవు చేరేవరకు ఎవరమూ మాట్లాడలేదు.

ఆ యేడు క్రిస్మస్‌కు వచ్చింది. నాన్నగారి సమాధి దగ్గర చాలాసేపు కూర్చున్నది. మరునాడు మా అబ్బాయి ఆమెను స్కూటరు వెనుక నేను ఎక్కించుకుంటే ముందు తాను నిలబడి, తేలినీలాపురం త్రోవ చూపించాడు.