బట్టతలయు హృద్రోగమును

బట్టతల భాగ్యలక్షణమని మన యిండ్లలో పెద్దలు చెప్పుచుందురు. ఇంటివారి తల పలుచబడినప్పుడు మనము నవ్వి యూరకుందుము; లేదా క్రొత్త తైలము తెప్పించి యిత్తుము. అయినను, ఆ పలుచబడుట యే తావున మొదలయ్యెనో గమనించుట మేలని వైద్యపరిశోధనలు తెలుపుచున్నవి.

అమెరికా దేశమున 19,112 మంది పురుషవైద్యులను గూర్చి జరిపిన పరిశోధన యొకటి 2000 సంవత్సరమున వెలువడినది. 45వ యేట తల యెట్లుండెనని వారి నడిగి, 11 సంవత్సరముల కాలములో నెవరెవరికి హృద్రోగము వచ్చెనో సరిచూచిరి. నుదుటిపై మాత్రమే జుట్టు తగ్గినవారికిని, నిండుజుట్టు గలవారికిని చెప్పదగినంత భేదము కనబడలేదు. నడినెత్తి మిక్కిలి బయలుపడినవారిలో మాత్రము హృద్రోగము నూటికి 36 వంతులు హెచ్చుగా నుండెను. వీరిలోను రక్తపుపోటుగాని, రక్తమున కొలెస్టరాల్ గాని యధికముగా నున్నవారికి అపాయము మరింత హెచ్చెను. 2013లో టోకియో విశ్వవిద్యాలయమువారు సుమారు 37,000 మందికి సంబంధించిన ఆరు పరిశోధనలను జతపరచి చూడగా, నడినెత్తి విషయమున నిట్టి ఫలితమే తేలినది.

ఇది విని బెదరవలదు. నూరుమందిలో పదిమందికి రోగము రావలసినచోట, రమారమి పదునలుగురికి వచ్చునని దీని యర్థము. వెండ్రుకలు రాలుటవలన గుండె చెడదు. బట్టతలకు మూలము వంశమును, పురుషులకు సహజమైన హార్మోనును. గుండెపోటుకు మూలము గుండె రక్తనాళములలో క్రొవ్వు పేరుకొనుట. ఈ రెంటికిని గల సంబంధము నింకను శోధించుచునే యున్నారు. కావున తలకు రాచు తైలము గుండెకు మందు కాజాలదు. జుట్టు దట్టముగా నున్నవారికి గుండెపోటు రాదనుటయు భ్రమయే.

నడినెత్తి యెవరిది వారికి కనబడదు. తలంటినాడు దానిని మొదట చూచునది యిల్లాలే. చిన్నవయసుననే యచ్చట పలుచబడినచో, పరిహాసము మాని, వైద్యునికడకు తోడ్కొనిపోయి రక్తపుపోటు, చక్కెర, కొలెస్టరాల్ పరీక్ష చేయింపవలెను. పొగాకు మాన్పింపవలెను. వంటలో ఉప్పును నూనెను తగ్గింపవలెను. దినమును కొంతసేపు వడిగా నడువుమని ప్రోత్సహింపవలెను.

రొమ్ము బరువెక్కి, నొప్పి యెడమచేతికిగాని దవడకుగాని ప్రాకి, చెమటలు పట్టినచో, వాయువని కషాయములతో కాలము గడపక, తక్షణమే ఆసుపత్రికి చేర్పవలెను. పోయిన జుట్టునకై చింతింప నక్కరలేదు. గుండెను మాత్రము వేళకు కాచుకొనవలెను.